రైలు నెల్లూరులో, విమానం చెన్నైలో: క్రెడిట్ కార్డు పాయింట్ల అసలు లెక్క

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో ఏదైనా షాపింగ్ మాల్‌కు వెళితే ఎస్కలేటర్ పక్కన చిన్న బల్ల, దాని వెనక మెడలో ఐడీ కార్డు వేసుకున్న కుర్రాడు కనిపిస్తాడు. “సార్, లైఫ్‌టైమ్ ఫ్రీ కార్డు సార్, ఎయిర్‌పోర్ట్ లాంజ్ కూడా ఫ్రీ” అంటాడు. ఆ ఎయిర్‌పోర్ట్ ఎక్కడుందని మాత్రం ఎవరూ అడగరు. నెల్లూరులో విమానాలు దిగవు. ఒంగోలులోనూ దిగవు. దగదర్తిలో విమానాశ్రయం వస్తుందన్న మాట ఏళ్ల తరబడి వినిపిస్తూనే ఉంది. ఈలోగా లాంజ్‌లో, అంటే విమానాశ్రయంలోని విశ్రాంతి గదిలో, పెట్టే ఆ ఉచిత ఇడ్లీ, కాఫీ కోసం నెల్లూరు మనిషి చెన్నై మీనంబాక్కం దాకా 180 కిలోమీటర్ల పైచిలుకు, ఒంగోలు మనిషి గన్నవరం దాకా సుమారు 160 కిలోమీటర్లు పోవాలి. నెల్లూరు వాళ్లకు రేణిగుంట కాస్త దగ్గర, కానీ అక్కడి నుంచి ఎగిరే విమానాలు తక్కువ.

క్రెడిట్ కార్డు వాడినందుకు బ్యాంకు ఇచ్చే రివార్డు పాయింట్లతో ఉచితంగా ప్రయాణాలు చేయడం గురించి వచ్చే సలహాల్లో చాలా భాగం బెంగళూరు, ముంబయి లాంటి చోట్ల నెలకోసారి విమానం ఎక్కే ఉద్యోగుల కోసం రాసినవి. ఆ సలహాలను ఉన్నవి ఉన్నట్టుగా ఇక్కడికి తెచ్చుకుంటే లెక్క తప్పుతుంది. ఇక్కడి కుటుంబాల ప్రయాణాల్లో ఎక్కువ భాగం రైలు మీద నడుస్తుంది. ఖర్చుల్లో ఎక్కువ భాగం పాయింట్లు రాని పద్దుల కిందికి పోతుంది. ఏ కార్డు లాభమో తేల్చేది ఈ రెండు విషయాలే.

పాయింట్లకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

కార్డు గీకి వంద రూపాయల సరుకు కొంటే దుకాణదారుడికి వంద రూపాయలూ చేరవు. బ్యాంకులు, వీసా, రూపే లాంటి కార్డు నెట్‌వర్కు కలిసి అందులో దాదాపు రెండు రూపాయలు మినహాయించుకుంటాయి. మనకు పాయింట్ల రూపంలో వచ్చేది ఆ రెండు రూపాయల్లో ఒక ముక్క. దానికి తోడు యాన్యువల్ ఫీజులు, బిల్లు పూర్తిగా కట్టలేని వాళ్లు చెల్లించే వడ్డీ కూడా ఈ పథకాలను నడిపిస్తాయి. సూటిగా చెప్పాలంటే ఒకరి ఉచిత విమాన టికెట్‌లో కొంత భాగం ఇంకొకరి వడ్డీయే.

ఈ సంగతి తెలిస్తే బ్యాంకులు కొన్ని ఖర్చులకు పాయింట్లు ఎందుకివ్వవో అర్థమవుతుంది. పెట్రోలు, కరెంటు బిల్లు, ప్రభుత్వ చలాన్లు, ఇన్సూరెన్స్ ప్రీమియం లాంటి వాటిలో బ్యాంకుకు మిగిలేది తక్కువ. అందుకే చాలా కార్డులు వాటికి పాయింట్లు ఇవ్వవు, ఇచ్చినా కోత పెడతాయి. ఇంటి అద్దెకు పాయింట్లు ఆపేసి ఎదురు 1% ఫీజు వేస్తున్న బ్యాంకులూ ఉన్నాయి. కార్డుతో అద్దె కట్టి, ఆ డబ్బును బంధువుల ఖాతాలోంచి వెనక్కి తెచ్చుకుని పాయింట్లు కూడబెట్టిన రోజులు ఒకప్పుడు ఉండేవి. 2025 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు పేమెంట్ సంస్థలకు కొత్త నిబంధనలు పెట్టాక యాప్‌లు ఆ సేవను చాలావరకు ఆపేశాయి.

బ్యాంకు ఏ ఖర్చును ఏ పద్దులో వేయాలో తేల్చుకునేది ఒక కోడ్‌ను బట్టి. ప్రతి స్వైపింగ్ మిషనుకూ, డబ్బు తీసుకునే ప్రతి వెబ్‌సైటుకూ నాలుగంకెల కోడ్ ఒకటి ఉంటుంది. సూపర్ మార్కెట్‌కు 5411, పెట్రోలు బంకుకు 5541, నగల దుకాణానికి 5944, ఆస్పత్రికి 8062, రైల్వేకు 4112. మనం కొన్నది పప్పా ఉప్పా అన్నది బ్యాంకుకు కనిపించదు, కోడ్ ఒక్కటే కనిపిస్తుంది. చిన్న ఊళ్లలో దీనివల్ల తమాషాలు జరుగుతుంటాయి. మిషను తీసుకున్నప్పుడు యజమాని ఏ వ్యాపారం పేరు రాయిస్తే ఆ కోడే దానికి అంటుకుని ఉంటుంది. తర్వాత ఆ మిషను వాళ్ల తమ్ముడి బట్టల కొట్టుకు మారినా కోడ్ మారదు. చీరలు కొని, పాయింట్లు ఎందుకు రాలేదా అని తల పట్టుకోవాల్సి వస్తే కారణం సాధారణంగా ఇదే. పెద్ద ఖర్చు పెట్టబోయే చోట ముందు ఒక చిన్న బిల్లు కట్టి, బ్యాంకు యాప్‌లో అది ఏ పద్దు కింద పడిందో చూసుకోవడం తెలివైన పని.

ఇప్పుడు ఒక ఇంటి లెక్క వేద్దాం. ఒంగోలులో ఒక కుటుంబం నెలకు కార్డు మీద 40,000 రూపాయలు ఖర్చు పెడుతోందనుకుందాం. అందులో కిరాణా, సూపర్ మార్కెట్ 9,000. పెట్రోలు 5,000. కరెంటు, ఫోను, గ్యాస్ 4,000. విజయవాడలో చదివే పిల్లవాడి కాలేజీ, హాస్టల్ ఫీజు నెలకు సర్దితే 10,000. ఇన్సూరెన్స్ 3,000. ఆన్‌లైన్ షాపింగ్ 5,000. బట్టలు, హోటల్ భోజనాలు 4,000. కార్డు మంచిదే, వందకు రెండు రూపాయల విలువ ఇస్తుందనుకుందాం. అమ్మేవాడు చెప్పే లెక్క ప్రకారం ఏడాదికి 4,80,000 మీద 2% అంటే 9,600 రూపాయలు.

కానీ పాయింట్లు నిఖార్సుగా వచ్చేది కిరాణా, ఆన్‌లైన్, బట్టలు, హోటళ్ల మీదే. అంటే నెలకు 18,000, ఏడాదికి 2,16,000. దాని మీద 2% అంటే 4,320 రూపాయలు. ఆ కార్డు యాన్యువల్ ఫీజు 5,000 అయితే 18% జీఎస్‌టీ కలిపి 5,900 కట్టాలి. ఉచిత ప్రయాణం మాట అటుంచి, చేతిలోంచి 1,580 రూపాయలు పోయాయి. ఫీజు బదులుగా ఇచ్చే జాయినింగ్ పాయింట్లు, ఏడాదిలో ఇంత ఖర్చు పెడితే ఫీజు మాఫీ లాంటి షరతులు ఈ లెక్కను మార్చగలవు, నిజమే. అయితే మాఫీకి లెక్కపెట్టే ఖర్చులోంచి కూడా చాలా బ్యాంకులు అద్దె, పెట్రోలు లాంటివి తీసేస్తున్నాయి.

కాలేజీ ఫీజు దగ్గర ఒక చిన్న కిటుకు ఉంది. మూడో కంపెనీ యాప్ ద్వారా ఫీజు కడితే చాలా బ్యాంకులు 1% అదనంగా వసూలు చేస్తున్నాయి. అదే కాలేజీ సొంత వెబ్‌సైట్‌లో కట్టినా, కాలేజీ ఆఫీసులోని మిషను మీద గీకినా ఆ 1% సాధారణంగా పడదు. లక్ష రూపాయల ఫీజుకు వెయ్యి రూపాయలు మిగలడమంటే ఈ వ్యాసంలోని చాలా చిట్కాల కంటే అదే ఎక్కువ.

బంగారం సంగతి వేరు. నెల్లూరు నగలకు పేరున్న ఊరు, ఏ ఇంట్లో పెళ్లి కుదిరినా పెద్ద ఖర్చు అక్కడే. కానీ చాలా ట్రావెల్ కార్డులు నగల దుకాణాల కోడ్‌ను పాయింట్ల జాబితాలోంచి తీసేశాయి. తీయని కార్డు చేతిలో ఉన్నా దుకాణంలో కార్డు బయటికి తీయగానే తరుగు మీద బేరం ఆగిపోతుంది, లేదా 2% పైన వేస్తామంటారు. రెండు శాతం పాయింట్ల కోసం రెండు శాతం ఎదురివ్వడం ఎవరికి లాభమో చెప్పనక్కరలేదు. అలాగని నోట్ల కట్టలు పట్టుకెళ్లడమూ కుదరదు. ఒక కొనుగోలుకు 2 లక్షలు, ఆ పైన నగదు తీసుకోవడం చట్టం ఒప్పుకోదు. అలాంటప్పుడు బ్యాంకు బదిలీ చేసి తరుగులో తగ్గింపు అడగడమే మెరుగు.

రైలు టికెట్లలో దొరికేది

ఈ రెండు జిల్లాల వాళ్లకు పాయింట్ల విషయంలో కలిసొచ్చేది రైలే. చెన్నై–విజయవాడ ప్రధాన మార్గం మీద గూడూరు, నెల్లూరు, కావలి, ఒంగోలు ఉండటం ఒక వరం. 2023 ఏప్రిల్‌లో మొదలైన సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్ ఒంగోలు, నెల్లూరులో ఆగుతుంది. హైదరాబాద్‌లో కొడుకు, చెన్నైలో ఆస్పత్రి, తిరుపతిలో మొక్కు. ఏడాదిలో పదిసార్లు రైలెక్కని కుటుంబం ఇక్కడ అరుదు.

ఐఆర్‌సీటీసీ, ఎస్‌బీఐ కార్డు కలిసి ఇచ్చే ప్లాటినం కార్డుకు మొదటి ఏడాది ఫీజు 500, జీఎస్‌టీతో 590. ఐఆర్‌సీటీసీ సైట్‌లోనో యాప్‌లోనో ఫస్ట్ ఏసీ, సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, చైర్ కార్ టికెట్లు కొంటే గరిష్ఠంగా 10% విలువ పాయింట్లుగా వెనక్కి వస్తుంది. ఒక పాయింటు ఒక రూపాయి, మళ్లీ రైలు టికెట్లకే వాడుకోవాలి. టికెట్ కొన్నప్పుడు పడే 1% లావాదేవీ చార్జీ కూడా మాఫీ. ఏడాదికి ఏసీ టికెట్లకు 30,000 రూపాయలు పెట్టే కుటుంబానికి దాదాపు 3,000 పాయింట్లు. 590 కట్టి 3,000 తెచ్చుకోవడం ఎక్కడ, పైన చెప్పిన 5,900 కట్టి 4,320 తెచ్చుకోవడం ఎక్కడ! చూడ్డానికి దర్జాగా ఉండదు, సినిమా నటుడి ప్రకటన ఉండదు. కానీ నెల్లూరు, ఒంగోలు కుటుంబాల్లో చాలామందికి మొదట ఉండాల్సిన కార్డు ఇదే అనిపిస్తుంది.

దీనికీ మెలికలున్నాయి. స్లీపర్ టికెట్‌కు ఆ 10% వర్తించదు. అలాంటి టికెట్‌కు యూపీఐ మేలు. ఐఆర్‌సీటీసీ కన్వీనియెన్స్ ఫీజు నాన్ ఏసీకి కార్డుతో అయితే 15 రూపాయలు, యూపీఐతో 10, ఏసీకి కార్డుతో 30, యూపీఐతో 20. జీఎస్‌టీ అదనం. టికెట్ క్యాన్సిల్ చేసుకుంటే వచ్చిన పాయింట్లూ వెనక్కి పోతాయి. అన్నిటికంటే ముఖ్యం, నెట్ సెంటర్‌కు వెళ్లి ఏజెంటు ఐడీ మీద తీయించుకున్న టికెట్‌కు, స్టేషన్ కౌంటర్‌లో తీసుకున్న టికెట్‌కు ఈ లాభం రాదు. సొంత ఐఆర్‌సీటీసీ ఖాతా ఉండాలి. ఆ ఖాతాకు ఆధార్ జోడించుకోవడం ఎలాగూ తప్పదు, 2025 జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి చేశారు. రిజర్వేషన్ 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుచుకుంటోంది, అంతకుముందు 120 రోజులుండేది. సంక్రాంతికి ఊరొచ్చే పిల్లలకు నవంబరు నడిమధ్యే టికెట్లు తీయాలి. ఆ ఒక్క ఉదయం నలుగురికి రానూపోనూ థర్డ్ ఏసీ తీస్తే, ఏడాది పాయింట్లలో పెద్ద ముక్క అప్పుడే పడిపోతుంది.

ఈ కార్డుతో మూడు నెలలకోసారి రైల్వే లాంజ్ ప్రవేశం కూడా ఉంది, ఎంపిక చేసిన స్టేషన్లలో మాత్రమే. మనం ఎక్కే, దిగే స్టేషన్ ఆ జాబితాలో ఉందో లేదో చూసుకున్నాకే దాన్ని లాభంలో కలుపుకోవాలి.

కారు మీద తిరిగే వాళ్లకు పెట్రోలు కార్డులు వేరే ఉన్నాయి. బీపీసీఎల్ ఎస్‌బీఐ ఆక్టేన్ లాంటివి ఒకే కంపెనీ బంకులో 7% పైన వెనక్కి ఇస్తామంటాయి, నెలవారీ పరిమితితో. జాతీయ రహదారి 16 మీద నెలకు రెండుసార్లు చెన్నై వెళ్లొచ్చే వ్యాపారికి అది పనికొస్తుంది. బైకు మీద బడికీ బజారుకూ తిరిగే ఇంటికి అనవసరం.

విమానం దాకా వెళితే

అయినా విమానం మీద ఆశ పోదు, పోనక్కరలేదు. ఈ రెండు జిల్లాల్లో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు బోలెడు. ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లిన వాళ్లూ ఉన్నారు. పెద్ద టికెట్ ఒక్కటి పాయింట్లతో తీయగలిగితే రెండు మూడేళ్ల ఓపికకు ఫలితం దక్కినట్టే.

ఇక్కడ తెలుసుకోవాల్సింది, పాయింటుకు స్థిరమైన ధర లేదు. హెచ్‌డీఎఫ్‌సీ ఇన్ఫినియా కార్డునే చూడండి. అదే పాయింటు బ్యాంకు ట్రావెల్ పోర్టల్‌లో విమాన టికెట్‌కు వాడితే ఒక రూపాయి, కేటలాగులో వస్తువు కొంటే 50 పైసలు, బిల్లులో తగ్గించుకుంటే 30 పైసలు. మిక్సీ కోసం పాయింట్లు ఖర్చుపెట్టిన మనిషి సగం విలువ వదులుకున్నట్టు. మామూలు కార్డుల్లో అంకెలు ఇంకా చిన్నవి, కానీ వరస ఇంచుమించు అదే. ప్రయాణానికి వాడితే ఎక్కువ, వస్తువుకు తక్కువ, నగదుగా మార్చుకుంటే మరీ తక్కువ.

ఇంకో దారి, పాయింట్లను విమాన కంపెనీ మైళ్లుగా, అంటే టికెట్లకు వాడుకునే ఆ కంపెనీ సొంత పాయింట్లుగా, మార్చుకోవడం. ఎయిరిండియా మహారాజా క్లబ్, సింగపూర్ ఎయిర్‌లైన్స్ క్రిస్‌ఫ్లయర్ లాంటి పథకాలకు కొన్ని కార్డుల పాయింట్లను బదిలీ చేసుకోవచ్చు. ఇందులో విలువ తేల్చే సూత్రం తేలికే. టికెట్ నగదు ధరలోంచి, మైళ్లతో తీసినా చేతి నుంచి కట్టాల్సిన పన్నులు, చార్జీలు తీసేసి, మిగిలినదాన్ని మైళ్ల సంఖ్యతో భాగించాలి. ఒక టికెట్ 24,000 అనుకుందాం. మైళ్లతో అయితే 12,000 మైళ్లు, పైన 3,500 నగదు. 20,500ను 12,000తో భాగిస్తే మైలుకు దాదాపు 1 రూపాయి 70 పైసలు. పోర్టల్‌లో రూపాయి వచ్చే చోట ఇది మేలే.

కానీ మన లెక్కలో ఇంకో వరస చేర్చాలి. విమానం చెన్నైలో ఎక్కాలంటే ఇంటి నుంచి కారు అద్దె, టోల్ కలిపి 4,500 అవుతుందనుకుందాం. తిరుగు ప్రయాణానికి మళ్లీ అంతే. బెంగళూరు మనిషి కొట్టేసిన ఉచిత టికెట్ నెల్లూరు మనిషికి 9,000 రూపాయల టికెట్ అవుతుంది. హైదరాబాద్ వెళ్లడానికి పాయింట్లతో చెన్నైలో విమానం ఎక్కడం చిత్రమైన పొదుపు. రాత్రి నెల్లూరులో రైలెక్కి పడుకుంటే తెల్లారేసరికి సికింద్రాబాద్. అందుకే ఇక్కడి వాళ్లు విమాన పాయింట్లను ఢిల్లీ, కాశీ, కశ్మీర్, విదేశాలు లాంటి దూరాలకే దాచుకోవాలి. లగేజీ తక్కువైతే కారు మానేసి రైల్లో చెన్నై సెంట్రల్‌కు వెళ్లి, అక్కడే మెట్రో ఎక్కితే నేరుగా విమానాశ్రయంలో దిగొచ్చు. ఆ ఒక్క మార్పుతో ఎన్నో వేల పాయింట్ల విలువ మిగులుతుంది.

మైళ్లతో తీసే సీట్లు పరిమితం. మే నెలలో, డిసెంబరులో అవి దొరకడం కష్టం. చాలా కంపెనీలు దాదాపు ఏడాది ముందే వాటిని తెరుస్తాయి. అమెరికాలో ఉన్న కూతురి పురిటికి వెళ్లే తల్లికి ఈ విషయంలో కొంత వెసులుబాటు ఉంటుంది, ప్రయాణం ఎప్పుడన్నది ఐదారు నెలల ముందే తెలిసిపోతుంది కాబట్టి. వీసా చేతిలో ఉంటే శుభవార్త తెలిసిన వారమే సీట్లు వెతకడం మొదలుపెట్టొచ్చు. కొడుకు ఖాతాలోని మైళ్లతో తల్లికి టికెట్ తీయాలంటే కొన్ని పథకాల్లో ఆమెను నామినీగా ముందే చేర్చాలి. క్రిస్‌ఫ్లయర్‌లో ఇలా ఐదుగురిని చేర్చుకోవచ్చు.

ఒక జాగ్రత్త మాత్రం మరవకూడదు. బదిలీ ఒకవైపు దారి. మైళ్లుగా మార్చిన పాయింట్లు తిరిగి బ్యాంకుకు రావు. కొన్ని బదిలీలు నిమిషాల్లో పూర్తవుతాయి, కొన్నింటికి రోజులు పడతాయి. సీటు కళ్లతో చూశాకే బదిలీ చేయాలి, ముందు బదిలీ చేసి తర్వాత సీటు వెతకకూడదు.

అలాగని ఏళ్ల తరబడి దాచినా ప్రమాదమే. యాక్సిస్ మాగ్నస్ కార్డు కథ తెలిసిన వాళ్లు ఈ మాట తేలిగ్గా తీసుకోరు. నెలకు లక్ష ఖర్చుపెడితే 25,000 పాయింట్లు అదనంగా ఇచ్చే ఆ కార్డును ఒకప్పుడు అందరూ ఎగబడి తీసుకున్నారు. 2023 సెప్టెంబరు 1 నుంచి ఆ బోనస్ పోయింది, ఫీజు 10,000 నుంచి 12,500 అయింది. ఐదు పాయింట్లకు నాలుగు మైళ్లు వచ్చేవి రెండుకు పడిపోయాయి. లక్ష పాయింట్లు దాచుకున్న మనిషికి 80,000 మైళ్లు రావాల్సింది 40,000 అయ్యాయి. బ్యాంకు డిపాజిట్‌కు వడ్డీ వస్తుంది. పాయింట్లకు వడ్డీ రాదు, పైగా వాటి ధరను ఇచ్చినవాడే మార్చగలడు. విస్తారా 2024 నవంబరు 12న ఎయిరిండియాలో కలిసినప్పుడు సభ్యుల పాయింట్లు మహారాజా క్లబ్‌లోకి ఒకటికి ఒకటి వచ్చాయి కాబట్టి సరిపోయింది. ప్రతిసారీ అలా జరుగుతుందన్న హామీ లేదు.

లాంజ్ మాట కూడా ఇక్కడే తేల్చేద్దాం. ఇప్పుడు ఉచిత ప్రవేశానికి చాలా కార్డులు ముందు మూడు నెలల ఖర్చు చూస్తున్నాయి. హెచ్‌డీఎఫ్‌సీ రెగాలియాకు 2023 డిసెంబరు నుంచి లక్ష రూపాయలు, ఐసీఐసీఐ కార్డుల్లో చాలావాటికి 2024 నవంబరు నుంచి 75,000. ఏడాదికి ఒకసారి విమానం ఎక్కే కుటుంబం ఆ ఒక్క భోజనం కోసం మూడు నెలల ముందు నుంచి కార్డు గీకుతూ కూర్చోవడం హాస్యాస్పదం. ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్లడం నయం.

విదేశాల్లో కార్డు వాడకం మీద రెండు మాటలు. చాలా కార్డులు విదేశీ కరెన్సీలో ఖర్చుకు మార్కప్ పేరుతో 3.5% అదనపు చార్జీ వేస్తాయి, దానిమీద జీఎస్‌టీ కలిపితే 4.13%. లక్ష రూపాయల ఖర్చుకు 4,130 పోతే, 2% పాయింట్లు 2,000 ఇచ్చి ఊరడిస్తాయి. విదేశాలకు వెళ్లే వాళ్లు మార్కప్ లేని కార్డు ఒకటి ఉంచుకోవడం మంచిది, అలాంటివి కొన్ని బ్యాంకులు ఇస్తున్నాయి. అక్కడి దుకాణంలో మిషను “రూపాయల్లో కడతారా, డాలర్లలోనా” అని అడిగితే డాలర్లే నొక్కాలి. రూపాయలు నొక్కితే వాళ్లకు ఇష్టమైన మారకం రేటు మన నెత్తిన పడుతుంది.

చెరువు గడువు, కార్డు గడువు

రొయ్యల చెరువులున్న వాళ్లు, మేత డీలర్లు, గ్రానైట్, పొగాకు వ్యాపారులు ఒక ప్రశ్న తరచూ అడుగుతుంటారు. లక్షల్లో టర్నోవర్ ఉంది కదా, అదంతా కార్డు మీద పెడితే కుటుంబమంతా సింగపూర్ వెళ్లి రావచ్చు కదా అని. వినడానికి బాగుంటుంది. వనామీ రొయ్య పట్టుబడికి రావడానికి 100 నుంచి 120 రోజులు పడుతుంది. కార్డు వడ్డీ లేకుండా ఇచ్చే గడువు 45 నుంచి 50 రోజులు, అదీ బిల్లు తేదీ దాటిన మర్నాడు కొంటేనే. పొగాకు రైతుకైనా వేలం డబ్బు చేతికొచ్చేది సీజన్‌లోనే. పంట గడువుకూ కార్డు గడువుకూ పొత్తు కుదరదు. డీలర్ దగ్గర అరువు ఉంటే పట్టుబడి దాకా ఆగుతాడు, బ్యాంకు ఆగదు.

బిల్లు పూర్తిగా కట్టకుండా మినిమమ్ డ్యూ, అంటే ఆ నెల కనీసం కట్టాల్సిన మొత్తం, మాత్రమే కట్టి నెట్టుకొస్తే ఏమవుతుందో పైన చెప్పిన ఒంగోలు ఇంటి లెక్కలోనే చూద్దాం. 40,000 బిల్లులో 5% అంటే 2,000 కట్టారు. మిగిలిన 38,000 మీద నెలకు 3.6% చొప్పున 1,368, జీఎస్‌టీతో 1,614 రూపాయలు. ఆ నెల సంపాదించిన పాయింట్ల విలువ 360. ఒక్క నెల వడ్డీ నాలుగు నెలల పైచిలుకు పాయింట్లను మింగేసింది. పైగా బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికీ మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఏడాదికి 42 నుంచి 45 శాతం తేలే వడ్డీకి అప్పు చేసి లాభం తెచ్చే రొయ్యల చెరువు ఏదీ లేదు. బిల్లు పూర్తిగా కట్టే అలవాటు లేని ఇంటికి ఏ పాయింట్ల కార్డూ పనికిరాదు.

ఊళ్లలో నడిచే ఇంకో పద్ధతి, కార్డు గీకితే రెండు శాతం పట్టుకుని నగదు చేతిలో పెట్టే దుకాణాలు. పాయింట్లూ వస్తాయి, నగదూ వస్తుందని కొందరు మురిసిపోతారు. సరుకు లేని బిల్లు అది. బ్యాంకు కనిపెడితే కార్డు ఆపేస్తుంది, పోగుచేసిన పాయింట్లూ పోతాయి. స్నేహితుల ఖర్చులన్నీ తన కార్డు మీద గీకి, వాళ్ల దగ్గర నగదు తీసుకునే వాళ్లు కూడా ఒకటి గమనించాలి. ఏడాదిలో కార్డు బిల్లులకు నగదుగా లక్ష, లేదా ఇతర మార్గాల్లో 10 లక్షలు, అంతకు మించి కడితే బ్యాంకు ఆ వివరం ఆదాయపు పన్ను శాఖకు పంపుతుంది. చూపించిన ఆదాయానికీ, కట్టిన బిల్లులకూ పొంతన లేకపోతే సంజాయిషీ ఇవ్వాల్సింది కార్డు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే.

వ్యవసాయ ఆదాయం మీద బతికే వాళ్లకు మొదటి చిక్కు కార్డు దొరకడమే. శాలరీ స్లిప్ ఉండదు, చాలామందికి ఐటీ రిటర్న్ ఉండదు. కొన్ని కార్డులు కొన్ని పిన్‌కోడ్‌లకు అసలే ఇవ్వరు. అలాంటి వాళ్లకు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డులున్నాయి. డిపాజిట్‌కు వడ్డీ వస్తూనే ఉంటుంది, కార్డు బిల్లులు సకాలంలో కడితే, అప్పులిచ్చే ముందు బ్యాంకులు చూసే సిబిల్ స్కోరూ తయారవుతుంది. ఏడాది తర్వాత మామూలు కార్డుకు దారి తెరుచుకుంటుంది.

చిన్న దుకాణాల్లో స్వైపింగ్ మిషను లేకపోవడం ఒకప్పుడు పెద్ద అడ్డంకి. 2022లో రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జోడించుకునే వీలు వచ్చాక అది చాలావరకు తొలగింది. కిరాణా కొట్టు క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి కార్డు ఖాతాలోంచి కట్టొచ్చు. వ్యాపారి క్యూఆర్‌కే ఇది పనిచేస్తుంది, మనుషులకు డబ్బు పంపడానికి కుదరదు. యూపీఐ ద్వారా కడితే పాయింట్లు తగ్గించే కార్డులూ ఉన్నాయి, తీసుకునే ముందే అడగాలి.

కొత్త ట్రావెల్ కార్డుకు దరఖాస్తు చేయడానికి మంచి అదను, ఎలాగూ పెట్టాల్సిన పెద్ద ఖర్చు ముందున్నప్పుడు. పెళ్లి బట్టలు, ఫంక్షన్ హాల్ అడ్వాన్సు, ఏసీ, ఫ్రిజ్, ముందే తేదీ ఖాయమైన ఆపరేషన్. మొదటి మూడు నెలల్లో ఇంత ఖర్చుపెడితే ఇన్ని పాయింట్లన్న షరతు ఆ ఖర్చుతోనే తీరిపోతుంది. భార్యకో భర్తకో యాడ్ ఆన్ కార్డు తీసుకుంటే ఇద్దరి ఖర్చూ ఒకే లెక్కలో పడుతుంది. బోనస్ కోసం లేని ఖర్చు సృష్టించుకుంటే మాత్రం అది పాయింట్ల వేషంలో వచ్చిన దుబారా.

పాయింట్లకు గడువుంటుంది, సాధారణంగా రెండు మూడేళ్లు. ఈ భయాన్నే మోసగాళ్లు వాడుకుంటున్నారు. “మీ రివార్డు పాయింట్లు ఈ రాత్రితో ముగిసిపోతాయి” అంటూ లింకుతోనో, ఫోన్‌లో యాప్ ఎక్కించే ఏపీకే ఫైలుతోనో మెసేజ్ వస్తే తెరవకూడదు. నిజంగా ముగిసిపోతుంటే ఆ సంగతి బ్యాంకు యాప్‌లోనే కనిపిస్తుంది. పొరపాటున నొక్కి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

రెండో ఏడాది ఫీజు పడే నెల వచ్చేసరికి ఒకసారి కాగితం, పెన్ను తీసుకుని కూర్చోవాలి. కార్డు ఇచ్చింది ఎంత, తీసుకుంది ఎంత. తేడా మైనస్‌లో ఉంటే ముందు ఫీజు మాఫీ అడగాలి, కాదంటే మూసేయాలి. మూసే ముందు పాయింట్లు వాడేసుకోవాలి, ఎందుకంటే చాలా కార్డుల్లో అవి కార్డుతోపాటే పోతాయి. బాకీ మొత్తం కట్టేసి, మూసేయమన్న అభ్యర్థనను రాతపూర్వకంగా పంపాలి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఏడు పనిదినాల్లో కార్డు మూసేయాలి. బాకీ లేకపోయినా ఆలస్యం చేస్తే రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకే కస్టమర్‌కు కట్టాలి.